విద్యుత్ వలయాలతో పిల్లల పాప్-అప్ పుస్తకాల రూపకల్పన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పాప్-అప్ పుస్తకంలో మడత, కథ, విద్యుత్ వలయం మధ్య సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఒక పుటకు సరిపడే వలయాన్ని లెక్కించి రూపొందించగలుగుతారు.
• పిల్లల భద్రతకు పాటించవలసిన నియమాలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

పుట తెరవగానే బొమ్మ లేచి నిలబడే పుస్తకాన్ని పాప్-అప్ పుస్తకం అంటారు. కదిలే భాగాలున్న పుస్తకాలు కొత్తవి కావు. 13వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన మాథ్యూ పారిస్ రాతప్రతుల్లో తిరిగే కాగితపు చక్రాలున్నాయి. 19వ శతాబ్దంలో జర్మనీ చిత్రకారుడు లోథార్ మెగెన్‌డార్ఫర్ పట్టీ లాగితే కదిలే బొమ్మల పుస్తకాలు తయారుచేశాడు. మన తోలుబొమ్మలాటలోనూ కీళ్లున్న బొమ్మ, దాని వెనుక దీపం కలిసి కథ చెబుతాయి.

ఈ సంప్రదాయానికి విద్యుత్ వలయాన్ని జోడించిన ప్రయత్నాల్లో చెప్పుకోదగినది 'ఎలక్ట్రానిక్ పాపబుల్స్'. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో జియే చీ, లియా బ్యూక్లీ రూపొందించిన ఈ పాప్-అప్ పుస్తకం గురించిన పరిశోధన పత్రం 2010లో వెలువడింది. అందులో పాఠకుడు నొక్కడం, లాగడం, వంచడం వంటి పనులకు పుట స్పందిస్తుంది.

2. ప్రధాన సూత్రం

బొమ్మ పక్కన ఒక దీపం అతికించినంత మాత్రాన పుస్తకం మెరుగుపడదు. కథలో పాత్ర చేసే పనినే పిల్లవాడి చేయి చేయాలి. ఆ పనితోనే వలయం పూర్తి కావాలి. అప్పుడు దీపం అలంకారంగా మిగలకుండా కథలో ఒక సంఘటన అవుతుంది. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పిల్లలకు ఇది మరింత అవసరం. వాక్యం పూర్తిగా అర్థం కాకపోయినా, తాను చేసిన పనికి వచ్చిన ఫలితం అర్థమవుతుంది.

3. ఉదాహరణ: ఇప్పపూల పుట

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట మండలంలోని కోయ పిల్లల కోసం ఒక పుట రూపొందిస్తున్నామని అనుకుందాం. ఇప్పపూలు వేసవి మొదట్లో రాత్రివేళ విచ్చుకొని తెల్లవారుజామున రాలుతాయి. చీకటి ఉండగానే వెళ్లి ఏరుకోవడం అడవి పల్లెల్లో తెలిసిన పనే. కథలో అమ్మాయి టార్చి వేస్తుంది, నేలమీది పూలు కనిపిస్తాయి.

3.1 మడత: ఇప్పచెట్టును దళసరి కాగితంతో కత్తిరించి, మధ్యలో మడిచి, పుటల మధ్య గీతకు రెండు వైపులా 'వి' ఆకారంలో అతికించాలి. పుస్తకం మూసినప్పుడు కొమ్మలు అట్ట అంచు దాటకూడదు. ముందుగా పాత అట్టతో నమూనా చేసి చూసుకోవాలి.

3.2 దీపాల స్థానం: పదేపదే మడిచే చోట రాగి టేపు చిట్లిపోతుంది. అందువల్ల లేచే చెట్టుపై వలయం పెట్టరాదు. మన కథలో పూలు నేలమీదే ఉంటాయి కనుక మూడు ఎల్ఈడీలను కుడి పుటపైనే అమర్చి, వాటిపై పలుచని కాగితపు పూలు అతికిస్తే సరిపోతుంది. ఈ దృశ్యాన్ని పుస్తకంలో చివరిదిగా ఉంచి, కుడి పుటను వెనుక అట్టకు అతికిస్తే తీగలు మడత దాటవలసిన పని ఉండదు.

3.3 లెక్క: రెండు పెన్సిల్ సెల్‌లను శ్రేణిలో కలిపితే 3 వోల్టులు వస్తాయి. పసుపు ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు కావాలి. 10 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు చాలు. ఓమ్ నియమం ప్రకారం:

నిరోధం = (3 − 2) ÷ 0.01 = 100 ఓములు

మూడు ఎల్ఈడీలను సమాంతరంగా కలిపి, ఒక్కొక్కదానికి విడిగా 100 ఓముల నిరోధకం పెట్టాలి. ఎల్ఈడీ పొడవాటి కాలు ధన ధ్రువం వైపు ఉండాలి. తిరగేస్తే వెలగదు. టేపు జిగురు వైపు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయకపోవచ్చు. అందుకని మలుపు దగ్గర టేపును తెంపకుండా మడవాలి. కాళ్లను టేపు పైభాగానికి ఆనించి టంకం వేయాలి. టంకం పరికరం లేకపోతే సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో వేయించవచ్చు.

3.4 స్విచ్: నొక్కితే వెలిగే స్విచ్ ఇక్కడ పనికిరాదు. పుస్తకం మూస్తే పుటలే దాన్ని నొక్కుతాయి. దీపం లోపల వెలుగుతూ ఉండి, కొద్ది రోజుల్లోనే సెల్‌లు అయిపోతాయి. దీనికి బదులు లాగుడు పట్టీ వాడాలి. టేపులో 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, టార్చి బొమ్మ ఉన్న పట్టీ అడుగున 15 మిల్లీమీటర్ల రాగి ముక్క అతికించాలి. పట్టీ లాగినప్పుడు ఆ ముక్క ఖాళీని కలుపుతుంది. లోపలికి తోస్తే ఒట్టి కాగితం మీదకు జరుగుతుంది. లాగిన పట్టీ అట్ట అంచు బయటకు పొడుచుకొని ఉండాలి. అప్పుడు దీపం ఆర్పలేదని ఉపాధ్యాయునికి చూడగానే తెలుస్తుంది.

3.5 భాష: చెట్టు పక్కన ఒక కాగితపు తలుపు పెట్టి, దాని కింద ఖాళీ వదలండి. ఇప్పపువ్వును కోయ భాషలో ఏమంటారో ఊరి పెద్దలను అడిగి పిల్లలే రాస్తారు.

4. భద్రత

ఇటువంటి పుస్తకాల్లో పలుచగా ఉంటుందని 3 వోల్టుల బటన్ సెల్ వాడడం సాధారణం. చిన్నపిల్లలకు ఉద్దేశించిన పుస్తకంలో దానిని వాడకపోవడమే మంచిది. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే తీవ్రమైన కాలుడు గాయాలు కలగవచ్చు. దీపం వెలిగించలేని పాత సెల్‌తోనూ ఈ ప్రమాదం ఉంది. మింగినట్లు అనుమానం వచ్చినా వాంతి చేయించక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బటన్ సెల్ వాడే వస్తువులకు పిల్లలు తెరవలేని మూత ఉండాలని అమెరికాలో 2022లో 'రీస్ చట్టం' చేశారు.

మన నమూనాలో పెన్సిల్ సెల్‌లను స్క్రూతో బిగించే మూత గల పెట్టెలో ఉంచి, వెనుక అట్టకు గట్టిగా అమర్చాలి. పుస్తకం కొంత లావవుతుంది. అయినా ఈ సెల్‌లు ఊరి దుకాణంలో దొరుకుతాయి, ఉపాధ్యాయుడే మార్చగలడు. ఊడిన ఎల్ఈడీ కూడా మింగదగినదే కనుక, పైనున్న పూల కాగితం అంచులన్నీ అతికి ఉన్నాయో లేదో తరచు చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

గమనిక: మీ సమాధానాలను చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. పై వలయంలో ఒక ఎల్ఈడీకి 5 మిల్లీ ఆంపియర్లే చాలనుకుంటే ఎంత నిరోధం కావాలి?
2. నొక్కుడు స్విచ్ ఎందుకు తగదు?

5. సారాంశం

పాప్-అప్ పుస్తకంలో కథ, మడత, వలయం మూడింటినీ కలిపే ఆలోచించాలి. కథలోని పని స్విచ్‌ను నిర్ణయిస్తుంది, మడత దీపాల చోటును నిర్ణయిస్తుంది, చదివే పిల్లల వయసు సెల్‌ను నిర్ణయిస్తుంది.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. (3 − 2) ÷ 0.005 = 200 ఓములు.
2. పుస్తకం మూసినప్పుడు పుటల ఒత్తిడికి వలయం పూర్తయి సెల్‌లు వృథా అవుతాయి.

7. మాదిరి పరీక్ష ప్రశ్న

మీ ప్రాంతంలోని పిల్లలకు తెలిసిన ఒక పనిని తీసుకొని, దాని ఆధారంగా వెలిగే పుటను రూపొందించి, వలయం పటం గీసి, పాటించిన భద్రతా నియమాలను వివరించండి.