ఎక్కువమంది చెప్తే నిజమైపోతుందా?

ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పిల్లల పెంపకం పుస్తకమో, పాత వైద్య గ్రంథమో చవగ్గా దొరికితే కొనండి. కానీ అందులోని సలహా పాటించే ముందు కాస్త ఆగండి.

అమెరికా పిల్లల డాక్టర్ బెంజమిన్ స్పాక్ రాసిన పెంపకం పుస్తకం కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. 1950ల చివర్లో వచ్చిన ముద్రణల్లో ఆయన పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నారు. వెల్లకిలా ఉంటే, వాంతి అయినప్పుడు ఊపిరాడదని ఆయన భయం. వినడానికి సబబుగా ఉండటంతో ఎందరో తల్లిదండ్రులు పాటించారు.

2005లో బ్రిటన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. బోర్లా పడుకునే శిశువులకు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని 1970 నాటికే తెలుసుకోగలిగేవారని తేలింది. అప్పుడే ఆ పని చేసుంటే ఒక్క బ్రిటన్‌లోనే 10 వేలకు పైగా శిశు మరణాలు తప్పేవని అంచనా వేశారు.

ఇలా ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ వెతికి, నాణ్యత చూసి, కలిపి తేల్చడాన్ని ‘సిస్టమాటిక్ రివ్యూ’ అంటారు. ఇతర పరిశోధకులు తమ వ్యాసాల్లో ఎక్కువగా ప్రస్తావించేవి ఇవే. ఆ ప్రస్తావనే ‘సైటేషన్’. అయితే సైటేషన్లు ఎక్కువున్నంత మాత్రాన విషయం నిజమని కాదు. తప్పని చెప్పడానికి ప్రస్తావించినా లెక్కలోకి వస్తుంది. ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని ‘లాన్సెట్’ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. అయినా దాని సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి.

అందుకే ‘పరిశోధనలో తేలింది’ అంటూ వాట్సాప్‌లో ఏదైనా వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క అధ్యయనమా, అన్నీ కలిపి చూసిందా? మనుషుల మీద చేసిందా, ఎలుకల మీదా? ఎప్పటిది? ‘కాక్రేన్’ సంస్థ తన రివ్యూల సారాంశాలను మామూలు భాషలో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది.

ఇక పసిపాప సంగతి. తల గుండ్రంగా వస్తుందనో, గ్యాస్ పోతుందనో పెద్దవాళ్లు బోర్లా పడుకోబెట్టమంటే నచ్చజెప్పండి. ఏడాది నిండేవరకూ రాత్రయినా పగలైనా గట్టి పరుపు మీద వెల్లకిలానే నిద్రపుచ్చాలి. దిండ్లు, మెత్తటి దుప్పట్లు పక్కన వద్దు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం మీ కళ్లెదుటే కాసేపు బోర్లా వేయండి, మెడ బలపడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, నాంపల్లి దగ్గర్లోని నిలోఫర్‌కు వెళ్లినా, మీ వీధి క్లినిక్‌కు వెళ్లినా, ఎలా పడుకోబెట్టాలో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.