గేరుబాక్సుకు చల్లదనం

శ్రీకాకుళం సమీపాన గల ఎచ్చెర్ల, చెన్నై-కోల్‌కతా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. ఈ మండలంలోని చిలకపాలెం కూడలి నుండి రాజాం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, ఘాట్ రోడ్డు ఎక్కితే కొరాపుట్ వస్తుంది. మైదానంలో సునాయాసంగా సాగే వాహనానికి ఆ కొండదారి అసలైన పరీక్ష. బరువుతో మెల్లగా ఎక్కేటప్పుడు ఇంజనుతో పాటు గేరుబాక్సు కూడా వేడెక్కుతుంది.

చేతితో గేరు మార్చే వాహనాలలో శక్తి పళ్లచక్రాల ద్వారా నేరుగా ప్రసరిస్తుంది. కనుక అక్కడ పుట్టే వేడి తక్కువ. ఆటోమేటిక్ గేరుబాక్సులో టార్క్ కన్వర్టర్ అనే భాగం నూనె ప్రవాహం ద్వారా శక్తిని అందిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వేగంగానూ, చక్రాలు నెమ్మదిగానూ తిరుగుతాయి. ఈ వ్యత్యాసం వల్ల వృథా అయిన శక్తి నూనెను కాచుతుంది. అతిగా కాగిన నూనె నల్లబడి మాడువాసన వేస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. క్లచ్ పలకలు కాలిపోతాయి.

చాలా వాహనాలలో ఈ నూనెను రేడియేటర్‌లోని ద్రవమే చల్లబరుస్తుంది. ఇంజను వేడిని మోసే ఆ ద్రవమే కాగి ఉన్నప్పుడు, నూనె అంతకంటే చల్లబడజాలదు. అందువల్ల గాలితో చల్లబరిచే అదనపు కూలర్ అవసరమవుతుంది.

దానిని అమర్చే ముందు ఇంజనును పూర్తిగా చల్లారనివ్వాలి. కూలర్‌ను రేడియేటర్ ముందు, గాలి ధారాళంగా తగిలేచోట, రేకులు నలగకుండా బిగించాలి. గేరుబాక్సు నుండి వెలువడిన నూనె మొదట రేడియేటర్‌ను, పిదప కూలర్‌ను దాటి తిరిగి గేరుబాక్సుకు చేరాలి. కాబట్టి తిరుగు గొట్టాన్ని గుర్తించి, దాని మార్గంలోనే కూలర్‌ను కలపాలి. రబ్బరు గొట్టాలు వేడి నూనెకు, ఒత్తిడికి ఓర్చేవి కావాలి. పదునైన అంచులకు ఒరుసుకోరాదు. కొత్త కూలర్ నిండగానే గేరుబాక్సులో నూనె మట్టం తగ్గుతుంది. తయారీదారు సూచించిన నూనెనే తగినంత పోసి, ఇంజను నడుస్తుండగా ప్రతి అతుకునూ పరిశీలించాలి. ఒక్క క్లిప్పు వదులైనా నూనె కారిపోయి గేరుబాక్సు మొత్తం పాడు కావచ్చు.

కూలర్ కొత్త నష్టాన్ని నివారించగలదే గాని, ఇప్పటికే కాలిపోయిన పలకలను బాగుచేయలేదు. నూనె మాడువాసన వేస్తే ముందు గేరుబాక్సును పరీక్షింపజేయాలి. వారంటీ ఉన్న వాహనానికి తయారీదారు నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

బాడుగ బండి ఘాట్‌లో ఆగితే ఆనాటి సంపాదనతో పాటు, దానిపై ఆధారపడిన కుటుంబపు బ్రతుకుతెరువు కూడా దెబ్బతింటుంది. యంత్రం పనిచేస్తే వేడి పుట్టడం సహజం. ఆ వేడికి బయటికి పోయే దారి చూపడమే దానిని వాడే మనిషి వివేకం.