మీకు తెలుసా? మైనపు ముద్దనుండి బేకలైటు పిడి వఱకు
1933వ సంవత్సరమున ఇంగ్లండునందు ఫాసెట్, గిబ్సన్ అను రసాయనవేత్తలు ఎథిలీను వాయువును బెంజాల్డిహైడుతో కలిపి అత్యధిక పీడనమునకు గురిచేయగా, ఆశించిన పదార్థము లభింపక, పాత్రలో మైనమువంటి తెల్లని పదార్థము కొంచెము కానవచ్చెను; మన అంగడిసంచుల మూలపురుషుడగు పాలిథీను అదియే (వారు దానిని గీకి పారవేయకుండుట మన భాగ్యమో, దౌర్భాగ్యమో!). ఎథిలీను అణువులు జంటబంధమును విప్పుకొని, ఒక్క పరమాణువునైనను కోల్పోక, పూసలవలె ఒకదానికొకటి తగులుకొనుటచే ఏర్పడు దీనిని సంకలన పాలిమర్ అందురు. 1935లో అమెరికాయందు కరోథర్స్ బృందము రూపొందించిన నైలాను తీరు వేఱు: ఆరేసి కార్బనులుగల డైఅమీను, ద్వికామ్లము చేయి కలిపిన ప్రతి కూడలియందును ఒక నీటియణువు వెలికివచ్చును గావున, అది సంఘనన పాలిమర్. ఈ రెండును వేడికి కరగి మరల గట్టిపడును. వంటపాత్ర పిడియందలి బేకలైటు మాత్రము ఒకమాఱు బిగిసెనా, మాడునేగాని మెత్తబడదు.