బడిలో రాడాన్: ఒక్క గది కొలిస్తే సరిపోదు

నేలలోనూ రాళ్లలోనూ ఉండే కాస్తంత యురేనియం మెల్లగా రేడియంగా, ఆ రేడియం రాడాన్ అనే వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కానీ ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. గచ్చు పగుళ్లలోంచి, పైపులు దిగిన సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆరుబయట గాలిలో పలచబడిపోతుంది, మూసిన గదిలో పోగుపడుతుంది. చలికి తలుపులు బిగించుకునే ఐర్లాండ్‌లో 1998 నుంచి 2004 దాకా దేశవ్యాప్తంగా 3,826 బడుల్లో దీన్ని కొలిచారు. నేలమట్టంలో ఉన్న 38,531 గదులు చూశారు.

సగటు ఘనపు మీటరుకు 93 బెకరెల్ అని తేలింది. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులో పట్టే గాలి సరిగ్గా ఒక ఘనపు మీటరు. అంత గాలిలో సెకనుకు 93 రాడాన్ పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్నమాట.

అప్పట్లో అక్కడి బడులకు పెట్టుకున్న హద్దు 200. మరి సగటు అందులో సగం కూడా లేదు కదా, ఇంకేం భయం అనిపిస్తుంది. కానీ 984 బడుల్లో ఒక్క గదైనా హద్దు దాటింది, అంటే నాలుగింట ఒక బడి. గదుల లెక్కన చూస్తే 3,028, నూటికి ఎనిమిదే. హద్దు దాటిన బడిలోనైనా సగటున మూడు గదులకే ఆ ఇబ్బంది, మిగతావి బాగానే ఉన్నాయి. హెడ్‌మాస్టరు గదిలో రాడాన్ కొలిచే డబ్బీ ఒకటి పెట్టి బడి మొత్తం క్షేమమని రాసేయడం ఎంత పొరపాటో ఈ రెండు లెక్కలే చెబుతాయి.

ఆ డబ్బీలో కరెంటుతో పని లేని చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. రాడాన్ నుంచి దూసుకొచ్చే ఆల్ఫా కణం, అంటే కాగితాన్ని కూడా దాటలేని బరువైన కణం, దానిమీద కంటికి కనిపించని దెబ్బ వదులుతుంది. కొన్ని నెలల తర్వాత కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే ఆ దెబ్బలు గుంటలుగా తేలతాయి. మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెడతారు.

రాత్రిళ్లూ సెలవుల్లోనూ పిల్లలు ఉండరు, డబ్బీ మాత్రం అప్పుడూ లెక్కిస్తూనే ఉంటుంది కదా? నిజమే. ఏడాదికి 180 రోజులు, రోజుకు 6 గంటలు అనుకుంటే పిల్లలు బడిలో ఉండేది 1,080 గంటలు. ఏడాదిలోని 8,760 గంటల్లో ఇది నూటికి పన్నెండు పాళ్లే. పైగా మూసిన గదిలో రాత్రిపూట రాడాన్ పెరుగుతుంది. అందుకే హద్దు దాటిన గదిలో గంటగంటకూ చూపే మీటరుతో బడివేళల్లో మళ్లీ కొలవాలి. పిల్లలు ఎక్కువసేపు ఉండే ఇంటినీ కొలవకుండా మొత్తం లెక్క తేలదు.

ముప్పు ఎంత? ఐరోపాలోని పలు అధ్యయనాలు కలిపి 2005లో కట్టిన లెక్క ఇది: సిగరెట్ ముట్టని వెయ్యిమందిలో 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చేది, ఇంట్లో రాడాన్ లేకపోతే నలుగురికి, ఏళ్ల తరబడి 100 బెకరెల్ ఉంటే ఐదుగురికి, 400 ఉంటే ఏడుగురికి. పొగతాగేవాళ్లలో ఇవే అంకెలు 100, 120, 160. పొగ మానడం ఎంత అవసరమో చూడండి.

ఎక్కువ తేలిన గదికి చికిత్స ఉంది. గచ్చు కింద చిన్న గుంత చేసి, పైపు, ఫ్యాన్ పెట్టి నేలలోని గాలిని బయటికి లాగేస్తారు. తెలంగాణలో చాలాచోట్ల నేల కింద గ్రానైటే, అందులోనూ యురేనియం ఉంటుంది కాబట్టి రాడాన్ మన దగ్గరా పుట్టొచ్చు. కిటికీలు తెరిచే బడుల్లో గాలి ఆడుతుంది కాబట్టి, మన దగ్గర కొలత మొదలుపెడితే ఏసీ కోసం అన్నీ మూసేసిన కింది అంతస్తు తరగతి గదుల నుంచే మొదలుపెట్టాలి.