పోలీసు జట్టు మొనగాళ్లు

రాయచోటి వైపు బలానికీ, మొండితనానికీ కొలతలు వేరు. తిరునాళ్లలో బండలాగుడు పందెము జరిగినప్పుడు మొదటి అదలింపుకే ఉరికిన కోడెను జనము చూచి మరచిపోతారు. మోకాళ్ల మీద పడికూడ కాడి విడువక, లేచి, మరి నాలుగు అడుగులు ఈడ్చిన కోడెను మాత్రము పదేండ్లపాటు పేరుపెట్టి చెప్పుకొంటారు. వీరభద్రస్వామి వెలసిన ఊరు; వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఇక్కడి మనుష్యులు గొప్ప ఆటగాణ్ణి తూచేటప్పుడు కూడ ఆ కోడె కొలతనే వాడితే వింత ఏమున్నది?

ఈ ఊరి బడి మైదానము గట్టు మీద సాయంకాలము ఇద్దరు వృద్ధులు కూర్చుంటారు. ఇద్దరూ ఎనుబది దాటినవారే. ఒకరు పదవి విరమించిన ఉపాధ్యాయులు. రెండవవారు హైదరాబాదులో పోలీసు ఉద్యోగము చేసి పుట్టిన ఊరికి తిరిగివచ్చిన సాయిబుగారు. ఎదుట పిల్లలు ఆడేది చాలవరకు క్రికెట్టు. వీరి తగవు మాత్రము ఫుట్‌బాలును గురించి, అందులోనూ ఒకే ఒక జట్టును గురించి: హైదరాబాదు సిటీ పోలీసు. ఆ జట్టులో అందరికంటె గట్టివాడు ఎవడు? ఎన్నో ఏండ్లుగా తీర్పు కాని వ్యాజ్యమిది.

"ఏమి సాయిబూ, నిన్న మాట మధ్యలో లేచిపోతివి. నూరు మహమ్మదా, అజీజా?" అని ఉపాధ్యాయులవారు మొదలుపెడతారు.

"నూరు పరుగెత్తుతాంటే చూచేవాళ్లకే ఆయాసం వచ్చేది ఐవారూ! ఆయనకు రాదు. ఇంగ అజీజు సంగతి అడగొద్దు, గోడ!" అని సాయిబుగారి జవాబు.

ఈ సంభాషణ విన్న నేటి విద్యార్థికి అది ఏ జట్టో, ఆ గొడవ ఏమిటో తోచదు. అందుచేత కొంత పూర్వకథ చెప్పవలసి ఉన్నది. బొంబాయిలో జరిగే రోవర్సు కప్పు, సైనికుల కొరకు నెలకొల్పిన డ్యూరండు కప్పు, కలకత్తాలోని ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఆ రోజులలో దేశములోని పెద్ద పోటీలు. కలకత్తా క్లబ్బులకు డబ్బున్నది, పేరున్నది, లక్షలాది అభిమానులున్నారు. అట్టి కాలములో 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును హైదరాబాదు పోలీసులు ఎగురవేసుకొనిపోయినారు. అట్లు వరుసగా ఐదుసార్లు ఆ కప్పును గెలిచిన జట్టు మరొకటి లేదు. డ్యూరండు కప్పు 1950లోను, 1954లోను, ఆ తరువాత మరి రెండుసార్లు వారిదే అయినది.

అప్పటికి రాయచోటి మద్రాసు రాష్ట్రములోనిది. వార్త రావలెనంటే మద్రాసు నుండి పత్రిక రావలెను. హైదరాబాదు ఒక పరరాష్ట్రము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినా హైదరాబాదు అందులో లేదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది. సరిగా నెల గడచి, డిసెంబరు 1వ తేదీన, మెల్బోర్ను ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోల్సుతో ఓడించినది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మదు, అహ్మద్ హుస్సేన్, బలరామ్, జుల్ఫికరుద్దీన్ మున్నగు హైదరాబాదువారు ఉన్నారు. రాయచోటి పిల్లవాడికి వారు "మనవారు" అయి అప్పటికి ముప్పది రోజులు. క్రొత్త రాష్ట్రమంటే ఏమిటో ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఎక్కని పిల్లల తలకు ఆ ఆట కొంత ఎక్కించి ఉంటుంది. నాడు భారతదేశము నాల్గవ స్థానములో నిలిచినది. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మనకు నేటికీ అదే పరాకాష్ఠ.

ఇక నూర్ మహమ్మదు. ఆయన హాఫ్‌బ్యాక్. అప్పటి వ్యూహములో ముందు ఐదుగురు దాడిచేసేవారు, వెనుక రక్షకులు, నడుమ హాఫ్‌బ్యాకులు. ముందువాడు బంతి పోగొట్టుకొంటే నిలబడి చూడవచ్చును. వెనుకవాడు బంతి తనదాకా వచ్చువరకు ఊపిరి పీల్చుకోవచ్చును. నడుమవాడికి ఆ రెండు భాగ్యాలూ లేవు. దాడి సాగినప్పుడు ముందుకు, ఎదురుదెబ్బ తగిలినప్పుడు వెనుకకు, ఆట ముగియుదాకా మగ్గములో నాడెవలె తిరుగవలసినదే. 1952 హెల్సింకీ, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులు రెండింటిలోను నూర్ ఆడినాడు. గోల్సు కొట్టినవారి పేర్లు మరుసటి దినము పత్రికలో పడతాయి. హాఫ్‌బ్యాక్ పేరు పడదు. మైదానము చుట్టూ నిలబడి చూచినవారు మాత్రము మరచిపోరు. "గట్టివాడు" అను మాటకు వారిచ్చే మొదటి అర్థము ఇదే: అలసట తెలియనివాడు.

సాయిబుగారి రెండవ అర్థము వేరు. నాటి నిబంధనలు నేటివి కావు. ఆటగాడు గాయపడితే వాని బదులు మరొకనిని దింపు ఏర్పాటు పెద్ద పోటీలలో లేదు. ప్రపంచకప్పులోనే అది 1970లో గాని రాలేదు. కాలు బెణికినవాడు బయటికి వస్తే జట్టు పదిమందితో ఆడవలెను. కనుక కుంటుతూనైనా లోపల ఉండేవారు. గోలుకీపరు బంతిని పట్టుకొని నిలిచినప్పుడు భుజముతో అతనిని ఢీకొట్టుట కూడ నాటి ధర్మములో తప్పు కాదు. ఆరడుగులు దాటిన పీటర్ తంగరాజును చూచి ఎదుటివారు జంకేవారంటే ఆ నిబంధన తెలిసినవారికే దాని విలువ తెలుస్తుంది. తంగరాజు సికింద్రాబాదు క్లబ్బులలో ఆట నేర్చి, సైన్యములో చేరి, 1958లో ఆసియాలోకెల్ల ఉత్తమ గోలుకీపరని పేరుపొందినాడు. పోలీసు జట్టువాడు కాడు. అయినా సాయిబుగారు అతనిని తమ లెక్కలోనే వేస్తారు, ఉపాధ్యాయులవారు ఒప్పుకోరు. ఈ చిన్న తగవు పెద్ద తగవులో భాగము.

ఇక్కడ ఉపాధ్యాయులవారు తమ పక్షమున ఒక పేరు తెస్తారు. అది ఆటగాని పేరు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల వంటి చోట్ల పంతులుగా పనిచేసినాడు. పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు, 1950 మొదలు మరణము వరకు భారత జట్టుకు శిక్షకుడు, ఈ బడిపంతులే. అతని శిక్షణలో బడిపంతులు పోకడ స్పష్టముగా కనిపిస్తుంది. బంతిని కాలిలోనే పెట్టుకొని విన్యాసాలు చేయరాదు, అందగానే మరొకనికి ఇవ్వవలెనను నియమముతో పోటీలు పెట్టించినాడు. వాటము లేని కాలితో మాత్రమే ఆడవలెనని వేరొక పోటీ. ఐదడుగులకు మించని పొట్టి కుర్రవాళ్లకు ఇంకొక పోటీ. కుడిచేతివానికి ఎడమచేత దస్తూరి నేర్పినట్లే. ఎడమకాలితో తన్నలేక పదిమంది ఎదుట బోర్లపడిన కుర్రవాడు మరునాడు మళ్లీ వచ్చినాడా లేదా అనేదే పరీక్ష. వచ్చినవారే తరువాత అజీజులు, నూరులు అయినారు. మొండితనము పుట్టుకతో వస్తుందని సాయిబుగారి మతము. బడిలో వస్తుందని ఉపాధ్యాయులవారి మతము. ఉపాధ్యాయుడు ఇంకేమంటాడు?

1962లో జకార్తా ఆసియా క్రీడల కథ ఇద్దరికీ కంఠస్థము. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను ఇండొనీషియా రానీయలేదు. దానిని తప్పుపట్టిన భారతీయ ప్రతినిధి మీద అక్కడి ప్రజలకు ఆగ్రహము కలిగినది. ఆ ఆగ్రహమంతా ఆటగాళ్ల మీద కురిసినది. మనవారు మైదానములో కాలు పెడితే చాలు, ఈలలు, కేకలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. తరువాత థాయ్‌లాండును, జపానును గెలిచినారు. థాయ్‌లాండుతో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడినవి. ఆ కుట్లతో వెనుక నిలిచి తలతో బంతులు ఆపుట కష్టమని రహీం అతనిని ముందువరుసకు పంపినాడు. సెమీఫైనలులోను, సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులోను జర్నైల్ గోలు కొట్టినాడు. మరొకటి పి.కె. బెనర్జీ కొట్టగా, మొదట ఓడించిన కొరియానే 2–1తో ఓడించి స్వర్ణపతకము తెచ్చినారు. జర్నైల్ పంజాబీ, అతనిని హైదరాబాదు ఖాతాలో వేసుకొనుటకు సాయిబుగారికి కూడ నోరు రాదు. అయితే ఆ ఫైనలులో తంగరాజు జ్వరము నుండి లేచివచ్చి గోలులో నిలిచినాడు. పోలీసు జట్టుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఆడినాడు. ఎడమవైపు తులసీదాస్ బలరామ్ ఆడినాడు.

రహీం సంగతి అప్పటికి కొందరికే తెలుసు. ఊపిరితిత్తులలో క్యాన్సరు. జకార్తా నుండి వచ్చిన తరువాత ఏడాదియైనా తిరుగకమునుపే, 1963 జూన్ 11న కన్నుమూసినాడు. ఈ మాట వచ్చినప్పుడు ఉపాధ్యాయులవారు కొంచెము సేపు మాట్లాడరు. తగవులో తాము గెలిచినట్లు వారి అభిప్రాయము.

బలరామ్‌ను గట్టివారి పట్టీలో చేర్చరాదని కొందరంటారు. సన్నని మనిషి, సొగసైన ఆట, బలప్రయోగము లేదు. అమ్ముగూడలో పేద తమిళ కుటుంబములో పుట్టినాడు. ఆడడానికి పట్టణము దాకా రావలెనంటే దారిఖర్చులకు లేని కుర్రవానికి సైకిలు సమకూర్చినవాడు రహీమేనట. రోము ఒలింపిక్సులో, 1960లో, హంగరీ మీద గోలు కొట్టినాడు, పెరూ మీద గోలు కొట్టినాడు. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినది. చిన్న వయస్సులోనే ఆట మానుకొన్నాడు. అటుపైన అరువది ఏండ్లు, 2023 ఫిబ్రవరిలో మరణించు వరకు, ఆట వదలిన బలరామ్‌గా బ్రదికినాడు. మైదానములో దెబ్బ తిని లేచుట ఒక ఎత్తు. మైదానమే పోయిన తరువాత అన్ని ఏండ్లు నిటారుగా నడచుట మరొక ఎత్తు. ఇతనిని పట్టీలో చేర్చకపోవుట అన్యాయము.

తరువాతి తరములో తగవు ఇద్దరి మధ్య: సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్. నయీమ్ రక్షకుడు. పోలీసు జట్టులో ఆడి, 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినాడు. 1970 బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యము తెచ్చిన జట్టుకు అతడే నాయకుడు. ఆ జట్టులో హబీబ్ కూడ ఉన్నాడు. హబీబ్ పోలీసు జట్టువాడు కాడని ఉపాధ్యాయులవారు మరల అడ్డు తగులుతారు. నిజమే. కాని కలకత్తావారు "బడే మియా" అని పిలుచుకొన్న ఆ హైదరాబాదీని విడిచిపెట్టి గట్టివారి మాట ఎట్లా పూర్తి అవుతుంది? పెద్ద కండలు లేవు. బంతి పోయిందంటే దానిని తిరిగి తెచ్చుకొను వరకు ఆ మనిషికి శాంతి లేదు. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్కు కాస్మాస్ జట్టు ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్‌తో తలపడినప్పుడు ఆట 2–2తో సమముగా ముగిసినది. మోహన్ బగాన్ గోల్సులో ఒకటి హబీబ్‌ది.

ఆ హబీబ్ 2023 ఆగస్టు 15న పోయినాడు. చివరి ఏండ్లలో మతిమరపు వ్యాధి, పార్కిన్‌సన్ వ్యాధి అతనిని పీడించినవి. ఒక మనిషికి ఆ వ్యాధి ఎందుకు వచ్చినదో ఏ వైద్యుడూ వేలుపెట్టి చూపలేడు. ఇక్కడ కూడ చూపుట లేదు. అయితే స్కాట్లండులో వెనుకటి వృత్తి ఆటగాళ్లను పరిశీలించి 2019లో గ్లాస్గో పరిశోధకులు ప్రకటించిన విషయము ఒకటి ఉన్నది. మెదడు క్షీణించు వ్యాధులతో మరణించుట వారిలో సామాన్య జనులలోకంటె సుమారు మూడున్నర రెట్లు ఎక్కువట. తలతో బంతిని కొట్టుట మీద అందరి అనుమానము. ప్రాతకాలపు బంతి తోలుది. పైన త్రాడు కుట్టు. నిబంధన ప్రకారము 14 నుండి 16 ఔన్సులు. వానలో నానితే ఎంత బరువెక్కేదో నాటి నుదుళ్లకే తెలుసు. 2020లో ఇంగ్లండు, స్కాట్లండు సంఘాలు ప్రాథమిక పాఠశాల పిల్లలకు శిక్షణలో తలతో బంతి కొట్టించరాదని నిర్దేశించినవి. మన బళ్లలో ఫుట్‌బాలు నేర్పు ఉపాధ్యాయులు ఈ సంగతి తెలిసికొని ఉండుట మంచిది. "తల అడ్డం పెట్టరా!" అని గట్టు మీది నుండి కేకవేసే అలవాటు మనకు ఇంకా పోలేదు.

పోలీసు జట్టు తరువాతి చరిత్ర క్లుప్తముగానే చెప్పవచ్చును. రహీం పోయినాడు, మంచి ఆటగాళ్లు బ్రదుకుతెరువుకు కలకత్తా దారి పట్టినారు, పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయినది, కప్పులు రావడము తగ్గి, ఆగినది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్రొత్త జట్టు వెలసి, 2022లో ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిచినది. 2025లో అదికూడ పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. ఆ జట్టును గురించి గట్టు మీద తగవులు లేవు.

మొన్న ఒక సాయంకాలము బడి మైదానములో క్రికెట్టు వారి ప్రక్కన నలుగురు పిల్లలు ఫుట్‌బాలు తెచ్చుకొన్నారు. అది దొర్లి గట్టు దగ్గరికి వచ్చినది. సాయిబుగారు లేచి, చేతికర్ర ఉపాధ్యాయులవారికి ఇచ్చి, దానిని కాలితో ఆపినారు.

"ఎడమకాలితో తన్ను సాయిబూ, చూస్తాం" అన్నారు ఉపాధ్యాయులవారు.

సాయిబుగారు ఎడమకాలితోనే తన్నినారు. బంతి పిల్లల వద్దకు పోలేదు. ప్రక్కనున్న కంపలో పడినది. పిల్లలు దానికోసము పరుగెత్తినారు. సాయిబుగారు కర్ర తీసుకొని కూర్చున్నారు.

"ఐవారూ, అజీజు కాదు. నూరే" అన్నారు.