మీట నొక్కితే సన్నాయి

పటాన్‌చెరులో పెళ్ళికి వెళితే, కీబోర్డు మీట నొక్కగానే సన్నాయి మోగడం మీరు వినే ఉంటారు. మరి అందులో సన్నాయి ఎక్కడుంది? విద్వాంసుడు ఊదిన ఒక్కొక్క స్వరాన్ని సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి, అంకెలుగా దాస్తారు. మీట నొక్కితే ఆ అంకెలే తిరిగి ధ్వని అవుతాయి.

చిక్కల్లా గమకంతోనే! సన్నాయిలో అది ఊపిరిలో, పెదవుల పట్టులో దాగి ఉంటుంది. బొబ్బిలి వీణపై కంటికే కనబడుతుంది. వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగుతాడు. బిగువు హెచ్చి, కంపనాలు పెరిగి, స్వరం పైకి జారుతుంది. కీబోర్డుకూ స్వరాన్ని వంచే చక్రం ఉంది. ఎప్పుడు, ఎంత వంచాలో మాత్రం తిప్పేవాడికి తెలియాలి.

తంబూరాకు గమకం అక్కరలేదు. అందుకే దాని చోటును శ్రుతిపెట్టె సులువుగా ఆక్రమించింది. సినిమా పాటల్లో వరుసగా కూర్చుని ఒకే స్వరాన్ని సాగదీసే వయొలిన్ బృందాలకూ పని తగ్గింది.