ఎమీ గ్రిఫిన్

ఎమీ గ్రిఫిన్ (వివాహానికి పూర్వం ఎమీ ఆల్మన్) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి, శిక్షకురాలు. ఈమె అమెరికా జాతీయ మహిళా జట్టులో గోల్‌కీపరుగా ఉండి, తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు మహిళా జట్టుకు శిక్షకురాలిగా పనిచేసింది. కృత్రిమ మైదానాలలో వాడే రబ్బరు గుళికలకూ క్యాన్సరుకూ సంబంధం ఉన్నదా అన్న ప్రశ్న విస్తృత చర్చకు రావడానికి ఈమె తయారుచేసిన పేర్ల పట్టిక ముఖ్య కారణం.

క్రీడాజీవితం

సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన ఈమె, 1991లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్పును గెలిచిన అమెరికా జట్టులో సభ్యురాలు. ఆ పోటీలలో ప్రధాన గోల్‌కీపరు మేరీ హార్వే. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, రెండు దశాబ్దాలకు పైగా అక్కడ శిక్షణ ఇచ్చింది. ఈమె శిక్షణలో అమెరికా బధిర మహిళల జట్టు 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్ క్రీడలలో స్వర్ణ పతకం సాధించింది.

రబ్బరు గుళికలు

కృత్రిమ మైదానంలో ప్లాస్టిక్ గడ్డిపోచల నడుమ, పాత టైర్లను పొడిచేసి తీసిన నల్లని గుళికలను నింపుతారు. ఒక్కొక్క మైదానానికి వేలాది టైర్లు అవసరమౌతాయి. పోచలు నిటారుగా నిలవడానికి, నేల మెత్తగా ఉండడానికి ఇవి తోడ్పడతాయి. టైర్లలో సీసం, జింకు వంటి లోహాలు, పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఈ హైడ్రోకార్బన్లలో కొన్ని క్యాన్సరు కారకాలు. బంతికోసం పదేపదే నేలపైకి దూకే గోల్‌కీపరుకు ఈ గుళికలు జుట్టులోకి, నోటిలోకి, గీరుకుపోయిన గాయాలలోకి చేరుతాయి.

పేర్ల పట్టిక

2009లో క్యాన్సరుకు చికిత్స పొందుతున్న ఇద్దరు గోల్‌కీపర్లను చూడడానికి గ్రిఫిన్ ఆసుపత్రికి వెళ్ళింది. ఆ వారంలోనే మరికొందరు గోల్‌కీపర్లు కూడా చికిత్సకు వచ్చారని అక్కడి నర్సు చెప్పడంతో ఈమెకు అనుమానం కలిగి, పేర్లు నమోదు చేయసాగింది. 2014 నాటికి పట్టికలో 38 మంది క్రీడాకారులు ఉండగా, వారిలో 34 మంది గోల్‌కీపర్లే.

ఈ సంఖ్య ఆందోళన కలిగించేదే. అయితే గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చేవారికి గోల్‌కీపర్ల సమాచారమే ఎక్కువగా అందుతుంది. పైగా వ్యాధిగ్రస్తుల సంఖ్య ఒక్కటే తెలిస్తే చాలదు. మొత్తం ఎందరు ఆడారు, ఆ వయసువారిలో సాధారణంగా ఎందరికి ఆ వ్యాధి వస్తుంది అన్నవి కూడా తెలియాలి.

ఆరోగ్యశాఖ పరిశీలన

వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 2017 జనవరిలో వెలువరించిన నివేదిక ఈ లెక్క వేసింది. 2002–2015 మధ్యకాలంలో, 6 నుండి 24 ఏళ్ళ వయసులో వ్యాధి నిర్ధారణ అయిన ఆ రాష్ట్ర క్రీడాకారులు పట్టికలో 28 మంది. ఆడేవారి సంఖ్యను బట్టి సహజంగానే 1,384 మందికి వ్యాధి రావచ్చునని అంచనా. కాబట్టి క్రీడాకారులలో క్యాన్సరు పెరిగిందనడానికి ఆధారం లేదనీ, ఆట మానవలసిన పనిలేదనీ శాఖ తెలిపింది.

అయితే పట్టికలోకి ఎక్కని రోగులు ఎందరో ఉండవచ్చు. అందువలన 28 అన్న సంఖ్య చిన్నదైనంత మాత్రాన మైదానాలు సురక్షితమని రుజువైనట్లు కాదు. గుళికల వలన క్యాన్సరు వస్తుందో లేదో తేల్చడం ఆ పరిశీలన ఉద్దేశమూ కాదు.

తరువాతి పరిణామాలు

గుళికలలో రసాయనాలు ఉన్నప్పటికీ అవి గాలిలోకి, శరీర ద్రవాలలోకి విడుదలయ్యే మోతాదు పరిమితమేనని 2024లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నివేదించింది. ఐరోపా సమాఖ్య మాత్రం సూక్ష్మ ప్లాస్టిక్ కాలుష్యాన్ని అరికట్టే నిమిత్తం, ఇటువంటి గుళికల అమ్మకం 2031 నుండి నిలిచిపోయేలా 2023లో నిబంధన చేసింది. ఆ నిషేధానికి క్యాన్సరు కారణం కాదు.